ఉత్త నీళ్ళు

డింఫ్నా కూలెన్ కుండీ అంచుల కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. నడుం ఎత్తు మొక్క, పూత మీదుంది. అయినా ఖాళీ బుట్ట లేచినట్టు లేచి వచ్చింది. దాన్ని దించి పక్కది ఎత్తింది. అదీ అంతే. గోడవార ఉన్నదాన్నీ, మెట్ల పక్కనున్నదాన్నీ కూడా ఎత్తి చూసింది. అటకలో దీపాలు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఆ వేడికి ఆమె మెడ మీద చెమట పట్టింది. మొక్కలన్నీ తలలు వాల్చేసి నిలబడి ఉన్నాయి.

ఈ మొక్కలు పెంచిన ట్వాన్ స్మేట్స్ నిన్న కాలువలో దొరికాడు. లాకు తలుపులకు ఆనుకుని ఉన్న శవాన్ని పడవవాళ్ళు చూశారు. తల వెనక దెబ్బ ఉంది. నీళ్ళలో పడకముందే ప్రాణం పోయిందనీ, ఐదారు రోజులై ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. అంటే పోయిన ఆదివారమో, ఆ మర్నాడో. టిల్‌బర్గ్‌లో గంజాయి పెంచేవాడు హత్యకు గురైతే పోలీసులకు ముందు గుర్తొచ్చేది ముఠాలే. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ డింఫ్నా కూడా అలా అనుకుంటూనే నిన్న సాయంత్రం ఈ ఇంటి తాళం తీయించింది. తీసి పట్టుమని పది నిమిషాలు కాలేదు, వెనక తలుపు తెరుచుకుని పక్కింటి ముసలావిడ బెట్స్ లోపలికి వచ్చింది. ఒక చేతిలో నీళ్ళ క్యాను, ఇంకో చేతిలో ఎర్ర ఉన్నిదారం కట్టిన తాళంచెవి. పోలీసుల్ని చూసి ఆవిడ అడిగిన మొదటి మాట, "ట్వాన్ వచ్చేశాడా?" అని.

జవాబు చెప్పాల్సి వచ్చేసరికి అక్కడున్నవాళ్ళందరికీ బూట్ల లేసుల మీద ధ్యాస పడింది. చివరికి డింఫ్నాయే చెప్పింది. బెట్స్ నీళ్ళు ఒలక్కుండా క్యానుని జాగ్రత్తగా నేల మీద పెట్టి, కింది మెట్టు మీద కూలబడిపోయింది. ఏడవలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో డింఫ్నా ఎన్నో చావు కబుర్లు మోసింది, కానీ క్యానుని అంత మెల్లగా దించిన ఆ చేతులు రాత్రంతా ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు.

"మొక్కలతో కబుర్లు అయ్యాయా మేడమ్? కింద లారీ ఎదురుచూస్తోంది."

నిటారు మెట్ల పక్కన వేలాడే తాడు పట్టుకుని పైకొస్తున్నవాడు కోర్నే తిమ్మర్స్. పోలీసుల గంజాయి దళానికి ఇప్పుడు అతనే పెద్ద. ఒకప్పుడు ఆ కుర్చీలో డింఫ్నా ఉండేది, అతను ఆమె కింద పనిచేసేవాడు. అప్పుడూ మేడమ్ అనేవాడు, ఇప్పుడూ మేడమ్ అనే అంటాడు. మధ్యలో గౌరవం ఎక్కడో జారిపోయింది.

అతని లెక్క అతనికి తేలిపోయింది. పక్కింటి మొగుడూ పెళ్ళాలు ట్వాన్‌తో కలిసి ఈ తోట నడిపారు, మాటా మాటా పెరిగింది, వాణ్ణి చంపి కాలువలో తోశారు, కోత వచ్చేదాకా ముసలావిడ పంటకు నీళ్ళు పోస్తోంది. మెట్ల మీద, తలుపు గడియ మీద, కుండీల మీద అన్నింటా ఆవిడ వేలిముద్రలే. లారీ నిండగానే ఆవిడను స్టేషనుకు తీసుకెళ్ళడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళ ఇల్లు కూడా పోతుంది. గంజాయి పెంపకంలో చెయ్యి ఉన్నవాళ్ళను అద్దె ఇళ్ళ సంస్థ ఒక్క వారం కూడా ఉంచదు. ఇదంతా అతను నిన్నటి ఫుట్‌బాల్ ఆట సంగతి చెప్పినట్టు చెప్పాడు.

డింఫ్నా మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కుండీ కింది పళ్ళెంలో మిగిలిన నీళ్ళలో ట్వాన్ వాడిన మీటరు ముంచింది. నీళ్ళలో ఎరువు ఎంతుందో చెప్పే మీటరు అది. దాదాపు ఏమీ లేదని చూపించింది. కుళాయి నీళ్ళు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. గోడకున్న అర మీద ఎరువు సీసాలు వరసగా ఉన్నాయి. కొలత గ్లాసు అడుగున బిళ్ళ కట్టి ఎండిపోయిన తెల్లటి మడ్డి ఉంది. దాన్ని వాడి చాలా రోజులైంది.

"ఇవి మట్టిలో లేవు, చూశావా?" అంది కుండీలో వేలు పెట్టి. గోధుమరంగు పొట్టు పొడిపొడిగా రాలింది. అంచుల వెంట కుంచించుకుపోయి, పొట్టుకూ కుండీకీ మధ్య వేలు దూరేంత సందు పడింది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి పళ్ళెంలోకి పోయాయి తప్ప వేళ్ళకు అందలేదు.

"కొబ్బరి పీచు. అయితే?"

అయితే ఏమిటో అతనికీ తెలుసు. పీచు పొట్టులో తిండి ఉండదు. మొక్కకు కావలసిందంతా నీళ్ళలో కలిపే పోయాలి. ముందు కాల్షియం, తర్వాత మొదటి సీసా, అది బాగా కలిశాక రెండో సీసా. నీళ్ళ పులుపు, అంటే ఆమ్లగుణం, సరిచూసుకోవాలి. పూత మీదున్న మొక్కకు రోజుకు మూడు నాలుగు సార్లు, అడుగునుంచి కొంచెం కారేదాకా పోసి, కారినదాన్ని పారబోయాలి. ఆరనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా ఉత్త నీళ్ళు పోయకూడదు. పోస్తే ఉన్న బలం కాస్తా కడుక్కుపోతుంది, మిగిలిన కాల్షియాన్ని పీచే పట్టుకుని కూర్చుంటుంది. ఈ మొక్కల లేత ఆకుల నిండా తుప్పు మరకలు పడ్డాయి. కింది ముదురాకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. చంటిపిల్లల్ని సాకినట్టు సాకాడు ట్వాన్. పాడైందంతా ఈ వారంలోనే.

"కోతకు ముందు ఉత్త నీళ్ళు పోసి కడుగుతారు," అన్నాడు కోర్నే. "ఆరేళ్ళు ఈ దళంలో చేశావు, అదీ మర్చిపోయావా?"

ఆమె ఒక పూగుత్తిని అతని ముక్కు దగ్గరికి వంచింది. "ఈ వెంట్రుకలు ఇంకా తెల్లగానే ఉన్నాయి చూడు. కోతకు ఇంకా నెల ఉంది. ఇప్పుడు కడిగేవాడికి ఈ పని రాదు."

"సరే, ముసల్దానికి పని రాదు. అయితే నేరం లేనట్టేనా?"

"పని రానిది భాగస్వామి ఎలా అవుతుంది కోర్నే? సీసాలు ఎదురుగా ఉన్నాయి. ఒక్కదాని మూతయినా తియ్యలేదు. ఆవిడకు ఎవరో ఉత్త నీళ్ళు చాలని చెప్పి ఉంటారు. ట్వాన్ చస్తే ఆ మాట చెప్పడు."

ఆ మాట నోటివెంట వచ్చాక గానీ అందులోని అర్థం ఆమెకే పూర్తిగా తట్టలేదు. ఈ తోటకు చేత్తోనే నీళ్ళు పోస్తారు. మోటారు లేదు, గొట్టాలు లేవు. ఇలాంటి తోట ఉన్నవాడు రెండు పూటలు కూడా ఊరు దాటలేడు. మరి ట్వాన్ ఆర్డెన్ కొండలకు సైకిలు మీద వెళ్ళాడని బెట్స్ నిన్న చెప్పింది. ఆ అబద్ధం ఎవరు చెప్పారో, ఉత్త నీళ్ళు పోయమన్నదీ వాళ్ళే. ట్వాన్ తిరిగిరాడని ఆ మనిషికి అప్పటికే తెలుసు.

కోర్నే కాసేపు పూగుత్తిని చూశాడు. అతను చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. "కుండీలన్నీ లారీ ఎక్కేదాకా టైమిస్తాను. ఆ తర్వాత ఆవిడ నాతో వస్తుంది," అన్నాడు.

పక్కింటి తలుపు తీసింది బెట్స్ భర్త నోల్. పొడుగ్గా, వంగిన భుజాలతో ఉన్నాడు. ఉన్ని మిల్లు మూసేసేదాకా మగ్గాల మీద పనిచేసి, ఆ తర్వాత బస్సు నడిపి, ఇప్పుడు కాలువ గట్టున ఉన్న కూరగాయల మడిలో పొద్దుపుచ్చుతున్నాడు. గుమ్మం పక్కన బురద అంటిన చెక్క చెప్పులూ, ఉల్లికాడల కట్టా ఉన్నాయి. అతను కాఫీ తెచ్చి, అక్కడి మర్యాద ప్రకారం ఒక్కొక్కరికి ఒక్క బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేశాడు.

కిటికీ పక్కన ఒక కుర్రాడి ఫోటో ఉంది. పక్కన కొవ్వొత్తి ఉంది. మారైన్, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. రెండేళ్ళ కిందట మతి చెదిరి రైలు పట్టాల మీదికి నడిచివెళ్ళాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి డింఫ్నా ఏమీ అడగలేదు.

బెట్స్ ముందుగా అడిగింది మొక్కల గురించి. ఎలా ఉన్నాయని. డింఫ్నా నిజం చెప్పలేక, అబద్ధం చెప్పలేక కాఫీ కప్పు వంక చూసింది.

"బుధవారం నుంచి వాడిపోతూ వచ్చాయి తల్లీ. ట్వాన్ మీద బెంగ పెట్టుకున్నాయేమో అనుకున్నాను. కుళాయి నీళ్ళు చల్లగా ఉంటాయని కాసేపు పొయ్యి పక్కన ఉంచి మరీ పోశాను." ఆవిడ ఆగి, తన చేతుల వైపు చూసుకుంది. "నేనే చంపేశానా?"

మీ తప్పు కాదని మాత్రం డింఫ్నా అనగలిగింది. నోల్ లేచి, ఉల్లికాడలు కడగాలని చెప్పి పెరట్లోకి వెళ్ళాడు. తలుపు సగం తెరిచే ఉంది.

అతని అడుగుల చప్పుడు దూరమయ్యాక బెట్స్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. అటకలో తోట ఉందని ఆవిడకు మొదట్నుంచీ తెలుసు. మారైన్ పోయిన నెలకు ట్వాన్ ఈ వంటింట్లోకి వచ్చి, ఆవిడ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడు, మారైన్ ఏళ్ళ తరబడి పీల్చిన సరుకు తన అటకలోదేనని. ఆవిడ రెండు రోజులు అతని మొహం చూడలేదు. మూడో రోజు తనే వెళ్ళి తలుపు కొట్టింది. అప్పట్నుంచీ అతను ఆవిడను పిన్నీ అనేవాడు, రోజూ వచ్చి కాఫీ తాగి వెళ్ళేవాడు. అతనొచ్చినప్పుడు ఆ బిస్కట్ల డబ్బాకు మూత పెట్టేది కాదు.

"నోల్‌కు చెప్పలేదు. ఒక కొడుకు పోయాడు, రెండోవాణ్ణి కూడా పోగొట్టుకోవడం నావల్ల కాదనిపించింది. ఆ గోడ అవతల ఏముందో తెలిస్తే ఈయన ఈ గోడ పక్కన పడుకోలేడు."

"మరి ఈ వారం మొక్కలకు నీళ్ళు పొయ్యమని మీకు చెప్పిందెవరు?"

"ట్వానే."

"మీతో అన్నాడా?"

"కబురు పెట్టాడు." ఆవిడ మొహంలో ఒక చిన్న వెలుగు కదిలింది. దాన్ని చూసి డింఫ్నాకు భయం వేసింది. "అది నేను ఎవరికీ చెప్పలేదు తల్లీ. ఆదివారం సాయంత్రం నోల్ మడిలోంచి వచ్చి, ట్వాన్ కొండలకు పోయాడు, అటక మీది మొక్కలకు నువ్వు నీళ్ళు పోస్తావా అన్నాడు. అటక అని ఆయన నోటితోనే అన్నాడు. ట్వాన్ ఎలాగో చెప్పేసుకున్నాడు, ఈయన కూడా వాణ్ణి క్షమించాడు అనుకున్నాను. రెండేళ్ళుగా నేను దాచిన మాట ఈయన నోటే వచ్చింది. ఏమైనా అడిగితే ఎక్కడ పాడైపోతుందోనని ట్వాన్ గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వారమంతా రోజూ క్యాను పట్టుకుని మేడ ఎక్కుతుంటే, పెళ్ళయిన కొత్తల్లో ఉన్నంత తేలిగ్గా ఉంది నాకు."

డింఫ్నాకు అక్కడితో లేచి వెళ్ళిపోవాలనిపించింది. బయట లారీ దగ్గర కుండీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ ప్రశ్న అడగకపోతే కోర్నే వచ్చి ఈవిడను తీసుకెళ్తాడు. అడిగితే ఈవిడకు మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుంది. మధ్యేమార్గం ఎంత వెతికినా కనిపించలేదు.

"ఎలా పొయ్యమన్నాడు?"

"రోజు విడిచి రోజు పొయ్యమన్నాడు. పైన కాస్త ఆరనిచ్చి మరీ పొయ్యమన్నాడు. నాకు మనసొప్పక రోజూ పోశాను. ట్వాన్ ఏవో సీసాల్లోవి కలిపేవాడు కదా అంటే, అక్కర్లేదు, ఉత్త నీళ్ళు చాలన్నాడని ఈయనే చెప్పాడు."

"బెట్స్ గారూ," అంది డింఫ్నా. ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "ఆ కుండీల్లో ఉన్నది మట్టి కాదు. కొబ్బరి పీచు. మట్టిలో పెరిగే కూరగాయలకైతే ఆరనిచ్చి ఉత్త నీళ్ళు పోస్తారు. పీచులో ఉన్నదానికి అలా పోస్తే వారంలో చచ్చిపోతుంది. అది ట్వాన్‌కు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు."

బెట్స్ గోడ గడియారం వైపు, కొడుకు ఫోటో వైపు, సగం తెరిచి ఉన్న పెరటి తలుపు వైపు చూసింది.

"అంటే ట్వాన్ ఆ మాట అనలేదు."

"అనలేదు."

"మరి కబురు..."

"నల్లగా, తడిగా ఉంది," అన్నాడు నోల్ గుమ్మంలోంచి. చేతుల్లో కడిగిన ఉల్లికాడలు, వాటి వేళ్ళనుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. "మట్టే అనుకున్నాను."

ఆ తర్వాత అతను చెప్పినదంతా డింఫ్నా అడక్కుండానే చెప్పాడు. ఆదివారం పొద్దున బెట్స్ పంపితేనే ఆ ఇంటికి ఉల్లికాడలు ఇవ్వడానికి వెళ్ళాడు. ట్వాన్ అతన్ని చెయ్యి పట్టుకుని అటక మీదికి తీసుకెళ్ళాడు, ఇంక దాచలేనని ఏడుస్తూ అన్నీ చెప్పాడు, పిన్ని రెండేళ్ళ కిందటే క్షమించింది, మీరూ క్షమించండి అన్నాడు. నోల్ ఒక్క మాటా అనకుండా దిగి మడికి వెళ్ళిపోయాడు. ట్వాన్ వెనకే వచ్చాడు. చాలాసేపు బతిమాలాడు. చివరికి సరే, వెళ్తానని వెనక్కి తిరిగాడు.

"చేతిలో పార ఉంది," అన్నాడు నోల్. "వాడు మారైన్ పేరు ఎత్తినందుకు కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. ఈవిడకు రెండేళ్ళుగా తెలుసన్నాడే, అందుకు."

బెట్స్ డింఫ్నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. "నా చేత నీళ్ళెందుకు పోయించావు నోల్?"

అతను ఉల్లికాడలను బల్ల మీద పెట్టాడు. వాటిని ఒకదాని పక్కన ఒకటి సర్దాడు. "వాడు వస్తాడని ఎదురుచూస్తావు కదా. ఎదురుచూసినన్నాళ్ళూ ఏడవవు. నువ్వు ఏడిస్తే ఈ ఇంట్లో ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను."

వీధి గంట మోగింది. డింఫ్నా వెళ్ళి తలుపు తీసింది. కోర్నే చేతిసంకెళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, వెనక లారీ ఇంజను ఆడుతోంది. ఆవిడేదీ అని అడగబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. ఆవిడ కాదని మాత్రం చెప్పింది డింఫ్నా. అతను ఎగతాళి చేస్తాడనుకుంది. చెయ్యలేదు. సంకెళ్ళను జేబులో వేసుకుని టోపీ తీశాడు.

నోల్ అప్పటికే కోటు తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి వేళ్ళు లొంగడం లేదు. నలభై ఏళ్ళుగా అలవాటైన బెట్స్ చెయ్యి ముందుకు వచ్చింది, కానీ ఆవిడ దాన్ని మధ్యలోనే ఆపి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. అతను బొత్తాలు వదిలేసి గుమ్మం దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగాడు.

"మడిలో ఉల్లికాడల నారు ఉంది బెట్స్. రోజు విడిచి రోజు..."



బెట్స్ అతని వైపు చూడలేదు. బల్ల మీద తడి వేళ్ళతో ఉన్న కాడలనే చూస్తోంది.

"ఉత్త నీళ్ళేగా?" అని అడిగింది.

అతను తలూపాడు.